పాత కారుకు డిస్క్ బ్రేకులు వేయాలంటే: కిట్ కొనే ముందు నుంచి రోడ్డు మీద పరీక్ష దాకా

పాత కారుకు డ్రమ్ములు తీసేసి డిస్క్ కిట్ బిగించినవాళ్లలో చాలామంది మొదటి రోజే అనే మాట ఒకటుంది: "ఇంతకుముందే బాగా ఆగేది." ఆ మాట నిజమే కావచ్చు. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, లేకపోతే నేలదాకా దిగిపోతుంది. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాకై, బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. కొంత దూరం పోగానే ముందు చక్రాలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఇవన్నీ డిస్కులో లోపం వల్ల వచ్చేవి కావడం అరుదు. చక్రం దగ్గరి సామాను మాత్రం మార్చి, దాన్ని నడిపించే మిగతా సామానంతా డ్రమ్ముల కోసం లెక్కగట్టినదే ఉంచేస్తే ఇలా అవుతుంది.

కారణం తెలుసుకుంటే మిగతా పనంతా తేలికవుతుంది. డ్రమ్ బ్రేకులో షూ (డ్రమ్ లోపలి గోడను నొక్కే వంపు పట్టీ) తగలగానే, తిరుగుతున్న డ్రమ్మే ఆ షూను తన వెంట లాక్కుని ఇంకాస్త గట్టిగా అదుముకుంటుంది. అంటే చక్రం తిరిగే బలమే బ్రేకుకు సాయం చేస్తుంది. అందుకే డ్రమ్ములకు తక్కువ ఆయిల్ ప్రెషర్ సరిపోతుంది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్‌ను పిస్టన్ ఎంత బలంతో నొక్కితే అంతే పట్టు. గట్టి బ్రేకుకు డిస్కుల లైనులో సుమారు 900 నుంచి 1200 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ప్రెషర్ కొలత) ఉండాలనేది ఈ పనిలో వాడే సాధారణ లెక్క. మీ పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది), మీ పాత పెడల్ అంత ప్రెషర్ ఇవ్వగలవా అన్నదే అసలు ప్రశ్న. కిట్ డబ్బా మీద దీనికి జవాబు ఉండదు.

కొనే ముందు

మీ డ్రమ్ములు ఏ స్థితిలో ఉన్నాయో ముందు చూడండి. షూలు సరిగ్గా అడ్జస్ట్ చేసి ఉన్నాయా, డ్రమ్ గుండ్రంగానే ఉందా, వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను నెట్టేది) కారుతోందా, రబ్బరు హోసులు ఎన్నేళ్లవి? మంచి స్థితిలో ఉన్న డ్రమ్ కూడా చక్రాన్ని లాక్ చేయగలదు. ఒక్కసారి వేసే బ్రేకులో కారు ఎంత దూరంలో ఆగుతుందో చివరికి తేల్చేది టైరు పట్టే. డిస్కు అసలు లాభం వేరే చోట ఉంది. ఘాట్ రోడ్డు దిగుతూ పదే పదే బ్రేకు వేసినా పట్టు తగ్గదు. నీళ్లలోంచి వెళ్లినా వెంటనే కోలుకుంటుంది. రెండు వైపులా సమానంగా పట్టి కారును తిన్నగా ఆపుతుంది. 1953లో జాగ్వార్ సీ-టైప్ లె మాన్స్ 24 గంటల పందెం డన్‌లప్ డిస్కులతో గెలిచింది. గంటల తరబడి వేడిని తట్టుకుంటూ, పెద్ద వేగం నుంచి మళ్లీ మళ్లీ ఆగాల్సిన అలాంటి చోటే డిస్కు సత్తా బయటపడుతుంది. మీ కారు సెలవు రోజున కాసేపు చదునైన రోడ్డు మీద తిరిగేదే అయితే డ్రమ్ములను పూర్తిగా బాగుచేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

డిస్కులే కావాలనుకుంటే, మీ కారుకు అదే కాలంలో ఫ్యాక్టరీ డిస్క్ ఆప్షన్ ఉందేమో వెతకండి. ఉంటే మీకు సగం పని తప్పినట్టే. డ్రమ్ మోడల్, డిస్క్ మోడల్ రెండింటి పార్ట్స్ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ఏ నంబర్లు మారాయో గుర్తు పెట్టండి. ఉదాహరణకు 1965 మస్టాంగ్‌కు ఆప్షన్‌గా ఇచ్చిన కెల్సీ-హేయస్ నాలుగు పిస్టన్ల కాలిపర్లతో (ప్యాడ్లనూ వాటిని నొక్కే పిస్టన్లనూ పట్టి ఉంచే భాగాలు) పాటు, వెనక లైనులో ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ కూడా పెట్టారు. ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఏమేం మార్చారో మీరూ అవి మార్చాలి. కిట్‌లో వాటిలో ఏది లేదో అదే రేపు మీకు తలనొప్పి తెచ్చే చోటు.

మీది ఒకే గది ఉన్న పాత మాస్టర్ సిలిండర్ అయితే, ఈ పనిలోనే రెండు సర్క్యూట్లది, అంటే ముందు వెనకలకు వేర్వేరు ఆయిల్ దారులు ఉన్నది, వేయించండి. ఒకే గది ఉన్నదానిలో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి కొత్త ప్యాసింజర్ కార్లకు రెండు సర్క్యూట్లు తప్పనిసరి చేశారు. అంతకుముందు తయారైన కార్లలో చాలావాటికి ఇది ఉండదు. డిస్కుల కోసం ఖర్చు పెడుతూ దీన్ని వదిలేయడం నాకు అస్సలు మింగుడుపడదు.

చక్రాల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. 14 అంగుళాల పాత రిమ్ముల్లో చాలావాటికి 11 అంగుళాల డిస్కూ దాని కాలిపరూ పట్టవు. కాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్స్ బరువులు కాలిపర్‌ను గీరుతాయేమో చూడాలి. హబ్ మీద తొడిగే రకం డిస్కు అయితే దాని టోపీ మందం మేరకు చక్రం బయటికి జరుగుతుంది. కొన్ని కిట్లలో హబ్ కూడా మారి ఇంకా ఎక్కువ జరుగుతుంది. అప్పుడు మలుపుల్లో టైరు ఫెండర్‌కు రాసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, బయటి బేరింగ్ మీద భారం పెరుగుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతుందో అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. చెప్పలేకపోతే ఆ కిట్ కొనకండి.

పెడల్ లెక్క

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఒక టేపు, ఒక వెర్నియర్ చాలు.

పెడల్ వేలాడే పిన్ను మధ్య నుంచి పాదం పెట్టే రబ్బరు మధ్య వరకు కొలవండి. అదే పిన్ను నుంచి పుష్‌రాడ్ (పెడల్ బలాన్ని మాస్టర్ సిలిండర్‌కు చేర్చే కడ్డీ) తగిలించే కన్నం వరకు కొలవండి. మొదటి కొలతను రెండోదానితో భాగిస్తే పెడల్ నిష్పత్తి వస్తుంది. బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో పాదానికి సాయం చేసే డబ్బా) లేని బ్రేకుకు ఇది 6 దగ్గర, బూస్టర్ ఉన్నదానికి 4 దగ్గర ఉండడం మామూలు. కొన్ని కార్ల పెడల్‌కు రెండు కన్నాలుంటాయి. పై నుంచి వేలాడే పెడల్‌లో పిన్నుకు దగ్గరగా ఉన్న పై కన్నం బూస్టర్ లేనప్పటిది, కింది కన్నం బూస్టర్‌ది. ఫలానా కారుకని అమ్మిన కిట్‌లో కూడా ఏ కన్నం వాడాలో చెప్పకుండా వదిలేస్తారు, కాబట్టి మీరే కొలుచుకోండి.

ఇప్పుడు మాస్టర్ సిలిండర్ బోరు, అంటే లోపలి అడ్డకొలత. పాదంతో 40 కిలోల బలం వేశారనుకోండి. నిష్పత్తి 6 అయితే పుష్‌రాడ్ మీద 240 కిలోలు పడతాయి. బోరు 1 అంగుళం అయితే దాని వైశాల్యం 5.07 చదరపు సెంటీమీటర్లు, ప్రెషర్ సుమారు 670 పీఎస్‌ఐ. బోరు ఏడు బై ఎనిమిది అంగుళాలు, అంటే 22.2 మిల్లీమీటర్లు అయితే వైశాల్యం 3.88. అదే పాదం, అదే బలం, కానీ ప్రెషర్ 880 పీఎస్‌ఐ. బోరు ఎనిమిదో వంతు అంగుళం తగ్గితే ప్రెషర్ 30 శాతం పెరిగిందన్నమాట. నిష్పత్తి 4 ఉన్న పెడల్‌కు 1 అంగుళం బోరు పెట్టి బూస్టర్ లేకుండా నడిపితే వచ్చేది 450 పీఎస్‌ఐ మాత్రమే. పెడల్ రాయిలా ఉండి కారు ఆగని కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

అలాగని బోరు తగ్గించుకుంటూ పోకూడదు. ప్రెషర్ ఎంత పెరుగుతుందో పెడల్ దిగే దూరమూ అంత పెరుగుతుంది. కాలిపర్ పిస్టన్లు వీల్ సిలిండర్ల కన్నా చాలా పెద్దవి, ఎక్కువ ఆయిల్ తీసుకుంటాయి. బోరు మరీ చిన్నదైతే ఆ ఆయిల్ నెట్టేలోపే పెడల్ నేలకు తగులుతుంది. ఆయిల్ గది సైజు కూడా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్‌లోకి ఆయిల్ దిగుతూ ఉంటుంది, డ్రమ్ముల కోసం చేసిన చిన్న గది అందుకు చాలదు. రెండు గదులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటే పెద్దది డిస్కుల సర్క్యూట్‌కు.

బూస్టర్ వేసేవాళ్లు ముందు ఇంజన్ వాక్యూమ్ కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న మామూలు ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే, వేరొకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టి ఉండగా, గేర్‌లో పెట్టి కొలవండి. రేసు క్యామ్ వేసిన ఇంజన్ 10 దగ్గరే ఆగిపోవచ్చు. 7 అంగుళాల చిన్న బూస్టర్ 10 అంగుళాల వాక్యూమ్‌తో ఇచ్చే సాయం, 8 అంగుళాల బూస్టర్ 18 అంగుళాలతో ఇచ్చేదానిలో సగం కూడా ఉండదు. ఇలాంటి ఇంజన్‌కు ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంప్ పెట్టాలి, లేదా బూస్టరే వద్దనుకుని పెడల్ నిష్పత్తి, బోరు సరిచేసుకోవాలి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. చెడిపోయే వస్తువు ఒకటి తగ్గుతుంది.

మాస్టర్ సిలిండర్ చేతికి రాగానే పిస్టన్ వెనక గుంత లోతు చూడండి. బూస్టర్ లేని బ్రేకుకు గుంత లోతుగా ఉండాలి, అప్పుడే పుష్‌రాడ్ జారకుండా నిలుస్తుంది. బూస్టర్ కోసం చేసినదానిలో గుంత పైపైనే ఉంటుంది. దాన్ని నేరుగా పెడల్‌కు తగిలిస్తే రాడ్ ఎప్పుడో ఒకప్పుడు జారి కింద పడుతుంది. అప్పుడు బ్రేకు ఉండదు.

చక్రం దగ్గర పని

చదునైన గట్టి నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, జాకీతో లేపి స్టాండ్ల మీద దించండి. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గాలితో ఊదకండి, బ్రషుతో దులపకండి. మాస్క్ వేసుకుని తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో కట్టి పారేయండి.

బ్రాకెట్‌ను ముందు బోల్టులు బిగించకుండా స్పిండిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) మీద ఆనించి చూడండి. తడబడకుండా అతుక్కోవాలి. గీరి, రుద్ది, కన్నం పెద్దది చేసి పట్టించాల్సి వస్తే అది మీ కారుకు చేసిన బ్రాకెట్ కాదు, వెనక్కి పంపేయండి. చాలా కార్లలో డ్రమ్ బ్యాక్‌ప్లేట్ బోల్టులే స్టీరింగ్ ఆర్మ్‌ను కూడా పట్టి ఉంచుతాయి. బ్రాకెట్ మందం వేరైతే పాత బోల్టులు నట్టులో సరిపడా పళ్లు పట్టవు, లేదా పొడవెక్కి దేనికో తగులుతాయి. మిల్లీమీటర్ బోల్టులైతే 10.9, అంగుళాలవైతే గ్రేడ్ 8 తప్ప ఇంకేవీ వాడకండి. టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడిచేయాలి. హబ్ ముఖం మీది తుప్పును కూడా గీకి శుభ్రం చేయండి. బేరింగ్‌లో ప్లే సరిచేశాక, డిస్కును వీల్ నట్లతో బిగించి, డయల్ గేజ్‌ను అంచుకు సుమారు 10 మిల్లీమీటర్ల లోపల ఆనించి ఒక చుట్టు తిప్పండి. ఊగుడు 0.10 మిల్లీమీటర్ దాటకూడదు, 0.05 లోపు ఉంటే ఇంకా మంచిది. ఈ ఒక్క కొలత తీయనివాళ్లే ఎక్కువ. 1965లో నాలుగు చక్రాలకూ డిస్కులతో వచ్చిన కార్వెట్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. అందులో కాలిపర్లు కదలనివి, పిస్టన్లకు పెదవి రకం సీళ్లు. డిస్కు కాస్త ఊగితే చాలు, పిస్టన్లు లోపలికీ బయటికీ ఆడి సీళ్ల పక్కనుంచి గాలి లాక్కునేవి. ఎక్కడా ఒక్క చుక్క కారదు, కానీ పెడల్ రోజురోజుకూ మెత్తబడుతుంది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం డిస్కు ఊగుడులో ఉంది.

కాలిపర్ డిస్కుకు సరిగ్గా నడుమ కూర్చోవాలి. కదలని కాలిపర్ అయితే రెండు వైపులా ఖాళీ కొలిచి పలచని షిమ్ములతో సమానం చేయండి. జరిగే రకం అయితే పిన్నుల మీద చేత్తో సులభంగా జరగాలి.

తర్వాత ఎయిర్ తీసే నిపుల్ ఎటు ఉందో చూడండి. అది కాలిపర్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి. కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగించినా బోల్టులు చక్కగా పడతాయి, అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, కానీ నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన చిక్కుకుపోయి ఎన్ని డబ్బాల ఆయిల్ పోసినా పెడల్ గట్టిపడదు.

పైపులు, హోసులు

ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. అంగుళాల లెక్కలో మూడు బై ఎనిమిది, అంగుళానికి 24 పళ్ల నట్టు అడ్డకొలత 9.5 మిల్లీమీటర్లు. ఎమ్10, 1.0 పిచ్ కన్నంలోకి అది వదులుగా ఎక్కేస్తుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. పూర్తి ప్రెషర్ పడ్డ రోజు ఊడి వస్తుంది. పాత కారు పైపులు అంగుళాలవి, కొత్త కాలిపర్ మిల్లీమీటర్లది అయినప్పుడు ఇలా జరుగుతుంది. ప్రతి కీలు దగ్గరా పిచ్ గేజ్ పెట్టి చూడండి. పైపు చివరి మడత కూడా ఎదుటి కన్నానికి సరిపోవాలి. అమెరికన్ కార్లలో మామూలుగా 45 డిగ్రీల రెండు మడతల ఫ్లేర్, చాలా యూరప్ కార్లలో బుడగ ఆకారపు ఫ్లేర్ ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి గట్టిగా బిగించినా కారుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టి ఆపే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. ఉట్టి రాగి గొట్టం కూడా వద్దు; స్టీలు గానీ రాగి-నికెల్ గొట్టం గానీ వాడండి.

హోసు బిగించాక స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, సస్పెన్షన్ పూర్తిగా వేలాడినప్పుడూ నొక్కుకున్నప్పుడూ చూడండి. ఎక్కడా సాగకూడదు, మెలిపడకూడదు, టైరుకు తగలకూడదు. బాంజో బోల్టు (హోసును కాలిపర్‌కు బిగించే, లోపల కన్నం ఉన్న బోల్టు) రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయండి.

ఆయిల్ విషయంలో డాట్ 4 వాడితే సరిపోతుంది. సిలికాన్ రకమైన డాట్ 5ను మిగతా వాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దానికి దగ్గరగా ఉన్నా అది డాట్ 4 కుటుంబంలోదే.

పుష్‌రాడ్ గ్యాప్, నిలవ ప్రెషర్

బ్రేకు వదిలినా పూర్తిగా వదలకపోవడానికి రెండు పెద్ద కారణాలు ఇవే. బిగించేటప్పుడే చూసుకుంటే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

మొదటిది పుష్‌రాడ్ పొడవు. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు ఒక సన్నని రంధ్రం తెరుచుకుని, లైనులోని ఆయిల్‌ను గదితో కలుపుతుంది. రాడ్ కాస్త పొడవెక్కితే పిస్టన్ చివరిదాకా వెనక్కి రాదు, ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. కారు నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక ప్యాడ్లను తనే నొక్కుతుంది. దాంతో ఇంకా వేడి, ఇంకా నొక్కుడు. బయల్దేరినప్పుడు బాగుండి కాసేపటికి బిగుసుకునే బ్రేకు లక్షణం ఇది. బూస్టర్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య సుమారు అర మిల్లీమీటర్ ఖాళీ ఉండాలి. కొలవడానికి పిస్టన్ గుంతలో మెత్తని మట్టి ముద్ద పెట్టి, మాస్టర్ సిలిండర్ బిగించి, విప్పి, ముద్ద ఎంత మందంలో నొక్కుకుందో చూడండి. ఖాళీ మరీ ఎక్కువైతే పెడల్ కొంత దూరం ఊరికే దిగుతుంది.

రెండోది నిలవ ప్రెషర్ వాల్వ్. డ్రమ్ముల సర్క్యూట్‌లో వీల్ సిలిండర్ కప్పులు గాలి పీల్చకుండా సుమారు 10 పీఎస్‌ఐ ఎప్పుడూ నిలిపి ఉంచుతారు. చాలా పాత మాస్టర్ సిలిండర్లలో ఈ చిన్న వాల్వ్ పైపు బిగించే కన్నం లోపలే దాగి ఉంటుంది. అదే మాస్టర్ సిలిండర్‌ను డిస్కులకు వాడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. డిస్కుల వైపు దాన్ని తీసేయాలి. అయితే మాస్టర్ సిలిండర్ కారు నేల కింద, కాలిపర్ల కన్నా దిగువన ఉన్న కార్లలో ఆయిల్ వెనక్కి జారిపోతుంది. అలాంటివాటికి 2 పీఎస్‌ఐ వాల్వ్ డిస్కుల లైనులో పెట్టాలి. ఇక్కడ చూడాల్సింది ఆయిల్ గది ఎత్తు. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో మాస్టర్ సిలిండర్ కిందే ఉన్నా గది పైన ఉంటుంది, కాబట్టి దానికి ఆ 2 పీఎస్‌ఐ వాల్వ్ అవసరం రాదు.

ఇవన్నీ చూశాక కూడా చక్రం పట్టేస్తుంటే, ఊరికే సామాను మార్చకుండా ఈ వరుసలో వెళ్లండి. చక్రం పట్టి ఉన్నప్పుడే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించే నట్లు కొద్దిగా వదులు చేసి రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు లాగండి. చక్రం వదిలితే పుష్‌రాడ్ పొడవెక్కిందని అర్థం. వదలకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయండి. అక్కడ ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే లోపం మాస్టర్ సిలిండర్‌లో, చాలాసార్లు నిలవ ప్రెషర్ వాల్వ్‌లో. అప్పటికీ వదలక, కాలిపర్ నిపుల్ తెరిచినప్పుడే వదిలితే మధ్యలో వాల్వ్ గానీ, లోపల ఉబ్బి మూసుకుపోయిన హోసు గానీ కారణం. నిపుల్ తెరిచినా వదలకపోతే కాలిపర్ పిన్నులు గానీ పిస్టన్ గానీ బిగుసుకుపోయినట్టు. వేడి ఆయిల్ కళ్లలో పడకుండా కళ్లద్దాలు పెట్టుకోండి.

ఎయిర్ తీయడం

మాస్టర్ సిలిండర్‌ను కారుకు బిగించక ముందే బల్ల మీద పట్టుకారులో పెట్టి, రెండు పైపులు గదిలోకే వంచి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా నొక్కండి. తర్వాత దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. వెనక డ్రమ్ములు సరిగ్గా అడ్జస్ట్ చేశాకే ఈ పని చేయండి. షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఎక్కువుంటే పెడల్ కిందికి పోతుంది, మీరేమో గాలి ఉందనుకుని కొత్త డిస్కులను అనుమానిస్తారు. కాంబినేషన్ వాల్వ్ (ముందు వెనక బ్రేకుల వాల్వులు ఒకే డబ్బాలో ఉన్నది) ఉంటే, పెడల్ ఒక్కసారిగా నేలదాకా తొక్కినప్పుడు లోపలి పిస్టన్ ఒక పక్కకి జరిగి ఆ సర్క్యూట్‌ను మూసేయవచ్చు. ఒక వైపు ఆయిల్ అసలు రాకపోతే ముందు అదే చూడండి.

ముందు వెనక సమతూకం

కారును ప్రమాదంలోకి నెట్టే లోపం ఇదే. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. మీరు డిస్కుల కోసం ప్రెషర్ పెంచారు, అదే ప్రెషర్ వెనక డ్రమ్ములకూ పోతుంది. డ్రమ్ములకేమో స్వయంగా బిగించుకునే గుణం అలాగే ఉంది. ఫలితంగా వెనక చక్రాలు ముందు లాక్ అవుతాయి. ముందు చక్రాలు లాకైతే కారు తిన్నగా జారుతుంది, వెనకవి లాకైతే గిర్రున తిరుగుతుంది.

దీనికోసం వెనక లైనులో అడ్జస్ట్ చేసుకోగల ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టండి. ఒక స్థాయి దాటాక వెనకకు పోయే ప్రెషర్ పెరుగుదలను అది తగ్గిస్తుంది. ముందు లైనులో దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. కాంబినేషన్ వాల్వ్‌లో ముందే ఒక ప్రపోర్షనింగ్ వాల్వ్ ఉంటే ఇంకొకటి చేర్చవద్దు, రెండూ కలిసి వెనక బ్రేకును దాదాపు లేకుండా చేస్తాయి. ఈ వాల్వ్ వెనక ప్రెషర్‌ను తగ్గించగలదు, పెంచలేదు. పూర్తిగా తెరిచినా ముందు చక్రాలే మరీ తొందరగా లాకైతే, వెనక వీల్ సిలిండర్ బోరు పెంచడమో షూల పని చూడడమో చేయాలి.

పరీక్షకు ఎవరూ లేని విశాలమైన చదును స్థలం కావాలి. ముందుగా ప్యాడ్లు కూర్చోబెట్టండి: 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు, పూర్తిగా ఆపకుండా, పదిసార్ల దాకా, మధ్యమధ్య చల్లారనిస్తూ. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెబితే అదే చేయండి. చల్లారాక 40 వేగంలో గట్టిగా తొక్కండి. బయట సురక్షితమైన దూరంలో ఒకరు నిలబడి ఏ చక్రం ముందు లాకవుతుందో చూడాలి. వాల్వ్‌ను వెనక ప్రెషర్ బాగా తగ్గించిన స్థితిలో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ, ముందు చక్రాలు లాకైన వెంటనే వెనకవి లాకయ్యే దశకు కాస్త ముందే ఆగండి. తడి నేల మీద కూడా ఇదే చేయండి. ఒక పక్కకి లాగితే ఆ పక్క గట్టిగా పడుతోందో, అవతలి పక్క పడడం లేదో డిస్కుల వేడి పోల్చి తెలుసుకోవచ్చు.

వెనక డిస్కులు

నా సలహా: చాలా కార్లకు అవసరం లేదు. బ్రేకు పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. వెనక డిస్కులతో హ్యాండ్ బ్రేకు బలహీనపడటం మామూలు, కొన్ని కిట్లలో అసలే ఉండదు. కాలిపర్‌లోనే స్క్రూ పద్ధతి హ్యాండ్ బ్రేకు ఉన్న రకంలో హ్యాండ్ బ్రేకు తరచూ వాడితేనే పిస్టన్ సరైన చోటికి వస్తుంది, వాడకపోతే పెడల్ కిందికి పోతూ ఉంటుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు ఆ పిస్టన్‌ను నొక్కకుండా తిప్పుతూ లోపలికి పంపాలి. సీ-క్లిప్‌తో (సీ ఆకారపు తాళం ముక్కతో) నిలిచే యాక్సిల్ అయితే అది పక్కలకు కొద్దిగా ఆడుతుంది. మలుపు తిరిగాక డిస్కు పిస్టన్లను వెనక్కి నెట్టేసి, తర్వాతి తొక్కుడు ఖాళీగా దిగుతుంది. అలాంటి యాక్సిల్‌కు కదలని కాలిపర్ పెట్టకండి.

మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు విప్పి బ్రాకెట్ బోల్టుల టార్క్, కీళ్ల దగ్గర తడి, హోసుల మీద రాపిడి గుర్తులు, రెండు వైపుల ప్యాడ్ల అరుగుదల చూడండి. ఆ రోజే ఒక కాగితం మీద కాలిపర్ ఏ కారుది, ఏ సంవత్సరం మోడల్‌ది, డిస్కు, ప్యాడ్, బేరింగ్ నంబర్లు, మాస్టర్ సిలిండర్ బోరు, వాల్వ్ ఎన్ని తిప్పుల దగ్గర ఉందో రాసి కారు కాగితాలతో పాటు ఉంచండి. కిట్ చేసినవాళ్లు రేపు మూసేయవచ్చు. అప్పుడు ప్యాడ్లు కొనాలన్నా, వేరే మెకానిక్ చెయ్యి పెట్టాలన్నా ఆ కాగితమే ఆధారం.